లెక్కల గ్రేడుకు ఖాన్ అకాడమీ స్కోరు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ముంచుతుంది

ఆన్‌లైన్లో పాఠాలు, సాధన ప్రశ్నలు ఇచ్చే ఖాన్ అకాడమీ ఉచితం, ప్రకటనల గోల లేదు, వీడియోలు బాగుంటాయి. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు లెక్కలు చెప్పేవాళ్లకు అసలు అవసరమైన ప్రశ్న వేరే ఉంది. ఆ తెర మీద కనబడే స్కోరును తీసుకొచ్చి పిల్లల మార్కుల రిజిస్టర్లో వేయొచ్చా? 2025లో తెలంగాణ పాఠశాల విద్యాశాఖ ఒప్పందం చేసుకున్న సంస్థల్లో ఖాన్ అకాడమీ కూడా ఉంది కనుక, ఈ ప్రశ్న ఇక ప్రైవేటు బడులకే పరిమితం కాదు.

జవాబు ముందే చెప్పేస్తే: సాధనకు పదికి తొమ్మిది ఇవ్వొచ్చు, గ్రేడుకు పదికి నాలుగు. ఆ నాలుగైనా, స్కోరు ఎలా తయారవుతుందో తెలిసిన టీచరు చేతిలో ఉంటేనే.

ఇందులో ఒక్కో అంశాన్ని స్కిల్ అంటారు. ఒక స్కిల్ కింద ఉండే ఎక్సర్‌సైజులో సాధారణంగా 4 లేదా 7 ప్రశ్నలు వస్తాయి. 70 శాతం కన్నా తక్కువ వస్తే 'అటెంప్టెడ్', పాయింట్లు సున్నా. 70 దాటితే 'ఫెమిలియర్', 50 పాయింట్లు. నూటికి నూరు వస్తే 'ప్రొఫిషియెంట్', 80 పాయింట్లు. ఆ పైన 'మాస్టర్డ్', 100 పాయింట్లు. ఈ చివరి మెట్టు మాత్రం ఎక్సర్‌సైజు ఎన్నిసార్లు చేసినా రాదు. యూనిట్ టెస్టులోనో, కోర్సు మొత్తం మీద వచ్చే కోర్స్ చాలెంజ్‌లోనో ఆ స్కిల్ ప్రశ్న మళ్లీ ఎదురై, దానికి సరిగ్గా జవాబిస్తేనే వస్తుంది. జవాబు కొట్టకముందే హింట్ తెరిస్తే ఆ ప్రశ్న తప్పు కింద లెక్క. మొదటిసారి తప్పు కొట్టి, రెండోసారి సరిదిద్దుకున్నా తప్పు కిందే.

ఈ నాలుగు మెట్లూ నేర్చుకోవడానికి చక్కగా కుదిరాయి. వాటిని శాతాలుగా చదవడంతోనే చిక్కంతా మొదలవుతుంది.

పూర్ణసంఖ్యల యూనిట్లో ఆరు స్కిల్స్ ఇచ్చారనుకోండి, ఒక్కోదానికి 7 ప్రశ్నలు. ఒక అమ్మాయి ప్రతి ఎక్సర్‌సైజులో 7కి 6 సరిగ్గా చేసింది. అంటే 42 ప్రశ్నల్లో 36 సరి, దాదాపు 86 శాతం. కాగితం మీద ఇదే పరీక్ష పెట్టి ఉంటే మన సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) గ్రేడుల్లో, అంటే 91 నుంచి ఏ ప్లస్, 71 నుంచి ఏ, 51 నుంచి బి ప్లస్, 41 నుంచి బి, ఆ కింద సి అనే లెక్కలో, ఆమెకు ఏ గ్రేడు. ఖాన్‌లో మాత్రం ఆరూ ఫెమిలియర్ దగ్గరే ఆగుతాయి. 600కి 300 పాయింట్లు, 50 శాతం. గ్రేడు బి! అదే క్లాసులో ఇంకొకడు ఒక్కో ఎక్సర్‌సైజును ఎనిమిదేసి సార్లు తిరగేసి, చివరికి అన్నింట్లోనూ 7కి 7 తెచ్చుకున్నాడు. 600కి 480, 80 శాతం, ఏ గ్రేడు. ఇద్దరిలో ఎవరికి పూర్ణసంఖ్యలు బాగా వచ్చో ఆ రెండు అంకెలు చెప్పవు. మొదటి అమ్మాయి ప్రతిసారీ ఒక్కటి తప్పాక మళ్లీ చేయలేదని, రెండోవాడు వదలకుండా పట్టుకున్నాడని మాత్రమే చెబుతాయి. ఆ పట్టుదలకు మార్కివ్వాలంటే ఇవ్వండి, కాదనం. కాకపోతే అది లెక్కల మార్కు అని పేరు పెట్టకండి.

ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది. ఎక్సర్‌సైజులు మాత్రమే అసైన్ చేసి యూనిట్ టెస్ట్ పెట్టకపోతే, ఎంత చురుకైన పిల్లలకైనా 80 దాటదు. మీ గ్రేడుల్లో ఏ ప్లస్ 91 నుంచి మొదలైతే, క్లాసులో ఒక్కరికీ ఏ ప్లస్ రాదు. తప్పు పిల్లలది కాదు, అమరికది. యూనిట్ మాస్టరీ బదులు కోర్స్ మాస్టరీ శాతాన్ని చూస్తే ఇంకా ఘోరం. ఏడాది మొత్తానికి సరిపడా యూనిట్లన్నీ హారంలో ఉంటాయి, మీరు చెప్పింది రెండు పాఠాలే అయినా. ఆగస్టులో క్లాసు మొత్తం పది శాతం లోపే కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడే తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచాలి.

యూనిట్ టెస్ట్ పెడితే ఇంకో గొడవ. అందులో ఒక స్కిల్ ప్రశ్న తప్పితే ఆ స్కిల్ ఒక మెట్టు కిందికి దిగుతుంది. ప్రొఫిషియెంట్ కాస్తా ఫెమిలియర్ అవుతుంది, 80 నుంచి 50కి. ఒక్క తప్పుకి 30 పాయింట్లు పోయాయని చూసిన పిల్లలు ఇక టెస్ట్ బటన్ ముట్టరు. 'ఇప్పుడున్నది చాలు సార్' అంటారు. గ్రేడు దీనికి ముడిపెట్టిన చోట ఈ భయం ఇంకా ఎక్కువ. కాబట్టి యూనిట్ టెస్ట్ పెట్టే ముందు రోజే ఉన్న మెట్లను రాసి పెట్టుకోవాలి, టెస్టులో పెరిగితే పెంచుతాం, తగ్గితే పాతదే ఉంచుతాం అని క్లాసులో ప్రకటించాలి. ఖాన్ అకాడమీ పాత మెట్టును స్కోరులో ఉంచదు, ఆ పని మీ రిజిస్టరే చేయాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ యాప్ చూసేది జవాబును, లెక్కను కాదు.

ఒక చిన్న ప్రశ్న తీసుకోండి: −8 − (−3) × 2. సరైన జవాబు −2. ముగ్గురు పిల్లల నోట్‌బుక్కులు తెరిస్తే ఇలా ఉంటుంది. మొదటివాడు ముందు −8 + 3 = −5 చేసి, దాన్ని 2తో గుణించి −10 రాశాడు. గుర్తుల సంగతి తెలుసు, ఏ పని ముందు చేయాలో తెలియదు. రెండో అమ్మాయి గుణకారం ముందు చేసింది. (−3) × 2 = −6 అని సరిగ్గానే రాసి, తర్వాత −8 − 6 = −14 అంది. క్రమం వచ్చు, మైనస్ పక్కన మైనస్ వచ్చినప్పుడు తడబడింది. మూడోవాడు −8 + 6 దాకా తప్పు లేకుండా వచ్చి, చివరి వరసలో 2 అని రాశాడు, మైనస్ గుర్తు మరిచిపోయాడు. 4 మార్కుల ప్రశ్న అయితే మొదటివాడికి 1, రెండో అమ్మాయికి 2, మూడోవాడికి 3 వేస్తారు ఏ మాస్టారైనా. మర్నాడు చెప్పాల్సిన పాఠం కూడా ముగ్గురికీ వేరు. ఖాన్ అకాడమీకి ముగ్గురూ ఒకటే: తప్పు, సున్నా.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. 3/4, 5/7లలో ఏది పెద్దది? 'హారం చిన్నది కాబట్టి 3/4' అనేవాళ్లు ప్రతి క్లాసులో నలుగురైదుగురు ఉంటారు. జవాబు సరైనదే. 3/4 అంటే 0.75, 5/7 అంటే సుమారు 0.71. కారణం మాత్రం శుద్ధ తప్పు. అదే తర్కంతో 1/2, 4/5 ఇస్తే బోల్తా పడతారు. యాప్ ఆకుపచ్చ టిక్కు పెట్టి ముందుకు పంపేస్తుంది. నోట్‌బుక్కులో 'కారణం రాయండి' అన్న ఒక్క మాట ఉంటే అక్కడే దొరికిపోతుంది.

ఈ ఉదాహరణలు ఎందుకంత ముఖ్యమో మన విద్యా ప్రమాణాలు చూస్తే తెలుస్తుంది. లెక్కల్లో సమస్య సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం, నిరూపణకు 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి 15, ప్రాతినిధ్యపరచడం, దృశ్యీకరణకు 15 భారత్వం. ఖాన్ స్కోరు మొదటి 40లో ఎక్కువ భాగాన్ని, గ్రాఫు మీద బిందువులు పెట్టించే ప్రశ్నల పుణ్యమా అని చివరి 15లో కొంత భాగాన్ని తాకుతుంది. రోజువారీ లెక్కల రూపంలో అనుసంధానం కొద్దిగా ఉంటుంది. కారణాలు, వ్యక్తపరచడం కలిపిన ఆ 30 శాతం దాని కంటికి ఆనదు. అందుకే మొత్తం గ్రేడును దాని మీద నిలబెట్టడం కుదరదు.

మరి ఎంత నిలబెట్టొచ్చు? తెలంగాణ పద్ధతిలో ఎఫ్‌ఏకి (నిర్మాణాత్మక మూల్యాంకనానికి) 20 మార్కులు. భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 5, రాత పనులకు 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. ఖాన్ పనికి సరైన చోటు రాత పనుల్లోనే, అదీ 5లో 2 మాత్రమే. మిగతా 3 నోట్‌బుక్కులోని స్టెప్పులకు. ఆ 2 మార్కులకు పాయింట్ల శాతాలు అక్కర్లేదు. ఇచ్చిన స్కిల్స్ అన్నీ కనీసం ఫెమిలియర్‌కు చేరి, వాటిలో సగమైనా ప్రొఫిషియెంట్ అయితే 2. సగమైనా ఫెమిలియర్ అయితే 1. అంతే. పైన చెప్పిన 86 శాతం అమ్మాయి ఓ మూడు ఎక్సర్‌సైజులు తిరిగి చేసి 7కి 7 తెచ్చుకుంటే రెండు మార్కులూ వచ్చేస్తాయి, ఎనిమిదేసి సార్లు తిరగేసే పని లేదు. ఆంధ్రలో ఎఫ్‌ఏ మార్కుల విభజన వేరుగా ఉన్నా, నోట్‌బుక్కుకు పెద్ద వాటా, యాప్‌కు చిన్న వాటా అన్న సూత్రం అక్కడా పనిచేస్తుంది. స్లిప్ టెస్టును ఖాన్ క్విజ్‌తో భర్తీ చేద్దామనే ఆశ మాత్రం పెట్టుకోకండి. ఫోన్లు ఇళ్లలో ఉంటాయి, అన్నయ్యలూ ఇళ్లలోనే ఉంటారు.

సెటప్ గురించి పెద్దగా ఫిర్యాదులు లేవు. టీచర్ అకౌంటు తెరిచి, క్లాసు సృష్టించి, కోర్సు ఎంచుకుని, క్లాస్ కోడ్ పిల్లలకిస్తే వాళ్లే చేరతారు. 13 ఏళ్ల లోపు పిల్లలకు టీచరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తయారుచేసి ఇవ్వడం మేలు. ఏడో తరగతిలో దాదాపు అందరూ ఆ వయసువాళ్లే. పాస్‌వర్డులు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, వారానికి ముగ్గురు మరిచిపోతారు. యూజర్‌నేమ్‌లో రోల్ నంబరు ఉండేలా చూస్తే రిపోర్టు రిజిస్టర్ వరసలో దించుకోవడం తేలిక. ముద్దుపేర్లతో తెరిచిన అకౌంట్లతో కుస్తీ పట్టడం కన్నా మొదటి రోజు అరగంట ఖర్చుపెట్టడం నయం.

కోర్సు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. 'సెవెన్త్ గ్రేడ్ మ్యాథ్' అన్నది అమెరికా సిలబస్. అందులో డాలర్లు, అంగుళాలు, పౌండ్లు వస్తాయి. భారత్ కోర్సులు వేరుగా ఉన్నాయి, వాటిని తీసుకోండి. అవీ ఎన్‌సీఈఆర్‌టీ వరసలో నడుస్తాయి కాబట్టి మన ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పూర్ణసంఖ్యల తర్వాత వచ్చే పాఠం అక్కడ తర్వాతి యూనిట్‌గా ఉండాలని లేదు. యూనిట్‌ను గంపగుత్తగా అసైన్ చేయకుండా, పాఠంలోని అభ్యాసాలు ముందు పెట్టుకుని స్కిల్ స్కిల్‌గా ఏరుకోవాలి. వారానికి మూడు స్కిల్స్ చాలు. అయిదిస్తే రెండు రోజుల తర్వాత ఎవరూ చేయరు, ఎనిమిదిస్తే మొదటి రోజే చేయరు.

వృత్తం లెక్కల్లో π (పై) దగ్గర మన పిల్లలకు ప్రత్యేకంగా దెబ్బ తగులుతుంది. మనకు 22/7 నోటికొచ్చు. వ్యాసం 7 సెం.మీ. అయితే పరిధి 22 అని కళ్లు మూసుకుని చెబుతారు. 3.14 వాడమని ప్రశ్నలో ఉంటే వచ్చేది 21.98. π గుర్తుతోనే కచ్చితమైన జవాబు ఇమ్మంటే ఆ రెండూ కాదు. జవాబు పెట్టె దగ్గర ఏ రూపంలో రాయాలో చిన్న సూచన ఉంటుంది: పూర్ణసంఖ్యా, కనిష్ఠ రూపంలో ఉన్న భిన్నమా, దశాంశమా, π గుణిజమా అని. ఆ సూచన చదవడం నేర్పితే అనవసరమైన తప్పులు సగానికి సగం పోతాయి. లెక్క వచ్చి కూడా ఎర్ర గుర్తు చూసిన పిల్లవాడికి లెక్కల మీదే విసుగు పుడుతుంది.

రిపోర్టుల్లో చూడాల్సినవి రెండే. ఒకటి అసైన్‌మెంట్ స్కోర్లు, రెండోది గడిపిన సమయం. అయిదు నిమిషాలైనా పట్టే 7 రాత లెక్కల్ని నిమిషంన్నరలో 7కి 7 చేశారంటే ఎక్కడో జవాబులు అందుతున్నాయి. ఫోన్ కెమెరా చూపిస్తే జవాబు చెప్పే యాప్‌లు వచ్చాక ఇది మామూలైపోయింది. దానికి పోలీసు విచారణ అక్కర్లేదు. మర్నాడు పిలిచి అలాంటిదే ఒక ప్రశ్న, అంకెలు మార్చి, బోర్డు మీద చేయించండి. చేస్తే మంచిదే. చేయలేకపోతే ఆ స్కిల్‌ను ఫెమిలియర్ కింద కూడా లెక్కపెట్టకండి, తిట్టకుండా మళ్లీ అసైన్ చేయండి. ఇంకో రకం పిల్లలుంటారు. తప్పు చేస్తారు, కింద విడమరిచిన సాధన చదువుతారు, మళ్లీ మొదలుపెడతారు. అంకెలు మారతాయి గానీ ప్రశ్న అచ్చు మారదు కాబట్టి మూడోసారికి 7కి 7 వచ్చేస్తుంది. ఇది దొంగతనం కాదు, నేర్చుకోవడమే. కాకపోతే ఆ 7 రెండు వారాల తర్వాతా నిలుస్తుందో లేదో చూడాలి, యూనిట్ టెస్ట్ ఉన్నది అందుకే.

క్లాసు మొదటి వారంలోనే పిల్లలకూ తల్లిదండ్రులకూ ఒక పేజీ ఇవ్వాలి. పెద్ద నిబంధనావళి వద్దు. గడువు శనివారం సాయంత్రం 6 గంటలు. ఆలస్యమైతే వచ్చే శనివారం దాకా చేయొచ్చు, మార్కు తగ్గదు, ఆ తర్వాత మాత్రం లెక్కలోకి రాదు. ఖాన్‌లో చేసిన ప్రతి ఎక్సర్‌సైజుకి నోట్‌బుక్కులో తేదీ, స్కిల్ పేరు, కనీసం మూడు ప్రశ్నల పూర్తి సాధన ఉండాలి, తప్పు పోయిన ప్రశ్న ఉంటే వాటిలో అది తప్పకుండా ఉండాలి. పేజీకి మధ్యలో గీత కొట్టి ఎడమవైపు లెక్క, కుడివైపు సరిచూసుకోవడం లేదా కారణం. నోట్‌బుక్కు లేని స్కోరుకు మార్కు లేదు. ఈ ఒక్క వాక్యం మిగతా అన్నింటికన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఫోన్ లేని ఇళ్ల సంగతి మరవకూడదు. నాన్న రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తే గానీ ఫోన్ దొరకని పిల్లవాడికి 2 మార్కులు కూడా అన్యాయమే. బడి కంప్యూటర్ ల్యాబులో వారానికి ఒక పీరియడ్ కేటాయించగలిగితేనే గ్రేడులో కలపండి. లేకపోతే సాధనకు మాత్రమే వాడి, ఆ 2 మార్కులనూ నోట్‌బుక్కుకే ఇచ్చేయండి. నెట్ సరిగ్గా లేని బడుల్లో కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒక కంప్యూటర్లో పెట్టి, ఖాన్ పాఠాలు, ఎక్సర్‌సైజులు ఇంటర్నెట్ లేకుండా ల్యాబంతా నడపొచ్చు. కోలిబ్రిలో పూర్తయినట్టు లెక్కగట్టే పద్ధతి వేరు, పైన చెప్పిన 50, 80, 100 మెట్లు అక్కడ వెతక్కండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. అక్కడ మిడిల్ స్కూల్ టీచర్లు ఖాన్ అసైన్‌మెంట్లను హోంవర్క్ వాటాలోనో ప్రాక్టీస్ వాటాలోనో వేయడం మామూలే. సిలబస్ కాగితం మీద ఆ వాటా ఎంత శాతమో ఒక్కటే చూసి ఊరుకోకండి. టీచరు తీసుకునేది ఎక్సర్‌సైజులో వచ్చిన ఉత్తమ స్కోరా, మాస్టరీ పాయింట్లా, చేశారా లేదా అన్నదా అని అడగండి. మొదటిదైతే 7కి 6 అంటే 86, రెండోదైతే అదే పని 50, మూడోదైతే 100. మీ అబ్బాయి లెక్కల గ్రేడు ఎందుకు పడిపోయిందో చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఉంటుంది, ట్యూషన్ పెట్టించే ముందు ఒక మెయిల్ పెట్టి చూడండి.